పొమ్మన్నా పోని ఊరు

ఆంటిగ్వా అనగానే మనలో చాలామందికి వివ్ రిచర్డ్స్ గుర్తొస్తాడు. ఆయనది కరీబియన్ సముద్రంలోని ద్వీపం. నేను చెప్పబోయేది గ్వాటెమాలా దేశంలోని ఆంటిగ్వా గురించి. చుట్టూ కాఫీ తోటలు, దక్షిణాన ఆగ్వా, పడమరన అకతెనాంగో, ఫ్వేగో అనే అగ్నిపర్వతాలు, మధ్యలో అయిదు వేల అడుగుల ఎత్తున ఒక లోయ. ఆ లోయలో రాళ్ళు పరిచిన వీధులతో, రంగులేసిన పెంకుటిళ్ళతో ఉన్న చిన్న ఊరు. 2017లో ఈస్టర్‌కి ముందు వారాలు నేను అక్కడే గడిపాను. మా స్నేహితుల్లో ఎవరు సెంట్రల్ అమెరికా ట్రిప్ మాటెత్తినా నేను ముందు ఆ ఊరి పేరే చెబుతాను. ఒకసారి మొదలుపెడితే ఇక ఆపను.

నేను హ్యూస్టన్‌లో ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరకొచ్చే పేషెంట్లలో సగానికి పైగా స్పానిష్ మాట్లాడేవాళ్ళే. మోకాలు ఆపరేషనయిన పెద్దావిడ నొప్పి ఎలా ఉందో నా కళ్ళలోకి చూసి చెబుతుంటే, నేను ఫోన్‌లోని దుబాసీ మాట కోసం ఎదురుచూడాల్సి రావడం నాకు చాలా కష్టంగా ఉండేది. భాష నేర్చుకోవాలంటే ఆంటిగ్వా వెళ్ళమని తోటి ఉద్యోగి చెప్పింది. స్పానిష్ బడులకి ఆ ఊరు ప్రసిద్ధి. ఒక్కో విద్యార్థికి ఒక్కో టీచరు. పొద్దున నాలుగు గంటలు పెరట్లో చెట్టు కింద బల్ల వేసుకుని ఎదురెదురుగా కూర్చుని మాట్లాడటమే చదువు. మధ్యాహ్నం నుంచి ఊరంతా మనదే. బస కూడా బడివాళ్ళే చూస్తారు. ఊళ్ళో ఏదో ఒక కుటుంబం తమ ఇంట్లో ఒక గది ఇచ్చి, ఆదివారం తప్ప మూడు పూటలా భోజనం పెడుతుంది.

హ్యూస్టన్ నుంచి మూడు గంటల విమానం. గ్వాటెమాలా సిటీలో దిగాక ట్రాఫిక్‌ని బట్టి గంటో, గంటన్నరో వ్యాను ప్రయాణం. నాకు దొరికిన ఇల్లు లా మెర్సెద్ చర్చికి దగ్గర్లో ఉంది. వీధిలోంచి చూస్తే పొడవాటి పసుపు గోడ, ఒక చెక్క తలుపు, ఇనుప ఊచల కిటికీ, అంతే. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళగానే అచ్చం మా అమ్మమ్మగారి మండువా ఇల్లే. మధ్యలో ఆకాశం కనబడే వాకిలి, నాలుగు వైపులా వరండా, వరండాలోకి తెరుచుకునే గదులు, లోపలికి వాలిన పెంకుల కప్పు. కోనసీమలో అలాంటి ఇళ్ళు ఒక్కొక్కటే పడగొట్టేస్తున్న కాలంలో, భూగోళానికి అవతలి వైపు అలాంటి ఇంట్లో నిద్రలేవడం నాకు దక్కింది.

ఇంటావిడకి అరవై దాటాయి. చుట్టుపక్కల అందరూ ఆవిణ్ణి 'దోన్యా' అని గౌరవంగా పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. నన్ను మాత్రం ఆవిడ మొదటి పూట నుంచే 'మిహా' అనేసింది. అంటే 'అమ్మాయీ' అని. వాకిలి మూల సిమెంటుతో కట్టిన తొట్టి ఒకటి ఉండేది, దాన్ని పీలా అంటారు. మధ్య అరలో నీళ్ళు నిలవ ఉంటాయి. అటు అర గిన్నెలకి, ఇటు అర బట్టలకి. మధ్య అరలో చెయ్యి పెట్టకూడదు, సబ్బు తగలనివ్వకూడదు. ప్లాస్టిక్ గిన్నెతో నీళ్ళు ముంచి పక్క అరలో పోసుకుంటూ కడుక్కోవాలి. ఈ మడి నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది. అది చూసి దోన్యా నా చేతికి గిన్నెలు తోమే పని సంతోషంగా అప్పగించింది. ఆ పీలా దగ్గరే నాకు సగం స్పానిష్ వచ్చింది.

నేను మాంసం తిననని తెలిసి ఆవిడ మొదట కాస్త కంగారు పడింది. తర్వాత మార్కెట్టుకి నన్నూ తీసుకెళ్ళింది. అక్కడ కుప్పలు పోసి ఉన్నవన్నీ నాకు తెలిసిన సరుకే. మన బెంగళూరు వంకాయ అక్కడ గ్విస్కిల్. సపోటా, సీతాఫలం, బొప్పాయి, జామ, టమాటా, మొక్కజొన్న, రకరకాల మిరపకాయలు. ఇవన్నీ అమెరికా ఖండం నుంచే మనకు వచ్చిన పంటలని చదువుకున్నాను గానీ, వాటి పుట్టింటి సంతలో నిలబడి చూడటం వేరు. మన దగ్గర నుంచి అటు వెళ్ళిన యాలకులైతే అక్కడి కొండల్లో విపరీతంగా పండుతాయి. ప్రపంచంలో యాలకులు ఎక్కువగా ఎగుమతి చేసేది గ్వాటెమాలాయే. పండించేవాళ్ళు మాత్రం వాటిని పెద్దగా వాడరు, పంటలో చాలా భాగం అరబ్బు దేశాలకి పోతుంది. నేను టీలో రెండు యాలకులు చితక్కొట్టి వేసి ఇస్తే దోన్యా తాగి, తన కాఫీనే మేలంది.

పొద్దున టిఫినుకి మెత్తగా నూరి వేయించిన నల్ల చిక్కుడు గింజలు, వేపిన తియ్య అరటిపండు ముక్కలు, గుడ్డలో చుట్టి పెట్టిన వేడి తోర్తియాలు. సాయంత్రం ఒక్కోసారి రెయెనితోస్ చేసేది. ఉడికించిన అరటిపండు ముద్ద చేసి, లోపల చక్కెర కలిపిన నల్ల గింజల పూర్ణం పెట్టి, నూనెలో వేయించి పైన చక్కెర చల్లుతారు. చిక్కుడు గింజల్లో తీపేమిటి అనిపిస్తుంది గానీ ఒకటి తిన్నాక రెండోది అడగక తప్పదు. పార్కు దగ్గర పచ్చి మామిడికాయ ముక్కల మీద ఉప్పు, నిమ్మరసం, గుమ్మడి గింజల పొడి చల్లి సంచుల్లో అమ్మేవాళ్ళు. క్లాసు అవగానే నా మొదటి ఖర్చు దాని మీదే.

ఈ ఊరు ఇలా మిగలడానికి కారణం ఒక భూకంపం. స్పెయిన్ వాళ్ళు ఇక్కడికి రాకముందు ఆగ్వా పర్వతం అడుగున, ఇప్పుడు సియుదాద్ వియేహా అనే చోట రాజధాని పెట్టుకున్నారు. 1541లో వానలకి కొండ మీద నుంచి బురద, బండరాళ్ళు ముంచెత్తి ఆ పట్నాన్ని కప్పేశాయి. 1543లో ఈ లోయలోకి వచ్చి మళ్ళీ కట్టుకున్నారు. రెండు వందల ఏళ్ళకు పైగా మెక్సికోలోని చియాపాస్ నుంచి కోస్టారికా దాకా ఉన్న ప్రాంతానికంతటికీ ఇదే రాజధాని. మధ్యలో ఎన్నో భూకంపాలు వచ్చాయి, పడిన ప్రతిసారీ లేపి కట్టారు. 1773 జులై 29న వచ్చింది మాత్రం పాలకుల ఓపికని చంపేసింది. 1776లో రాజధానిని ఇప్పటి గ్వాటెమాలా సిటీ ఉన్న లోయకి మార్చేశారు. ఊరు ఖాళీ చేసి అందరూ కొత్త పట్నానికి తరలాలని హుకుం. ఇక్కడి ఆర్చిబిషప్ కోర్తేస్ ఇ లర్రాస్ ఈ తరలింపుకి గట్టిగా ఎదురు నిలిచాడు. చివరికి ఆయన్నీ పదవి నుంచి తప్పించారు. పెద్దవాళ్ళు, కచేరీలు, మఠాలు వెళ్ళిపోయాయి. పడిపోయిన చర్చిల్లోంచి విగ్రహాలు కూడా తీసుకుపోయారు. అయినా కొందరు కదల్లేదు. కూలిన గోడల పక్కనే వంట చేసుకుంటూ, మిగిలిన గదుల్లో పడుకుంటూ ఉండిపోయారు.

మా టీచరు ఈ కథ చెప్పేటప్పుడు గొంతు మారేది. "మేం వెళ్ళనివాళ్ళ పిల్లలం" అనేది. తమ కుటుంబం అప్పటినుంచి ఇక్కడే ఉందని ఆవిడ నమ్మకం. మళ్ళీ పెద్ద కట్టడాలు లేపే డబ్బు ఆ మిగిలినవాళ్ళ దగ్గర లేదు, అందుకే పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల ఊరు కూలినది కూలినట్టు, నిలిచినది నిలిచినట్టు ఉండిపోయింది. తర్వాత చాలాకాలం కాక్టస్ మొక్కల మీద పురుగుల్ని పెంచి ఎర్ర రంగు తీసి అమ్ముకున్నారు. ఫ్యాక్టరీ రంగులు వచ్చి ఆ వ్యాపారం పోయాక కాఫీ వేశారు. ఆ కాఫీ మొక్కలకి నీడగా పెంచేది మన అరకులో కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లనే. 1979లో యునెస్కో ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మధ్యాహ్నాలు ఒక్కో శిథిలం చూసేదాన్ని. ఒక్కరోజులో అన్నీ చుట్టేసే టూర్లు ఉన్నాయి గానీ నాకది నచ్చదు. కేథడ్రల్ ముందు భాగం ఇప్పటికీ చర్చిగా నడుస్తోంది. వెనక్కి వెళితే గుమ్మటాలు కూలి, కమానులు మాత్రం నిలిచి, వాటి మధ్య నుంచి ఎండ నేరుగా నేల మీద పడుతుంది. సాంతా కతలీనా కమాను 1694లో కట్టింది. మఠం దాటి బయటివాళ్ళకి కనబడకూడని సన్యాసినులు వీధికి ఇవతలి నుంచి అవతలికి ఆ కమాను లోపలి నుంచి నడిచేవారు. ఆ ఊరి ఫొటో అంటే అదే, దాని కింద నుంచి ఆగ్వా పర్వతం కనిపిస్తుంది. లా మెర్సెద్ చర్చిని భూకంపాలకి భయపడి పొట్టిగా, లావుపాటి గోడలతో కట్టారు, 1767లో పూర్తయింది. ఆరేళ్ళకే వచ్చిన ఆ పెద్ద భూకంపాన్ని తట్టుకుని నిలబడింది. కపుచీనాస్ మఠంలో గుండ్రటి కట్టడం చుట్టూ సన్యాసినుల చిన్న చిన్న గదులుంటాయి. కింద నేలమాళిగ, మధ్యలో బ్రహ్మాండమైన స్తంభం. అక్కడ నిలబడి చిన్నగా కూనిరాగం తీస్తే గదంతా మోగుతుంది. ఎవరూ లేని ఒక మధ్యాహ్నం నేను అక్కడ అన్నమయ్య కీర్తన ఒకటి పూర్తిగా పాడుకున్నాను.

వీటన్నిటిలో నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళింది మాత్రం సాన్ ఫ్రాన్సిస్కో చర్చికి. అక్కడ హెర్మానో పెద్రో సమాధి ఉంది. స్పెయిన్ వాళ్ళ తెనెరిఫే దీవిలో 1626లో పుట్టి, ఇక్కడికి వచ్చి, 1667లో ఇక్కడే పోయిన మనిషి. 2002లో పోప్ రెండవ జాన్ పాల్ ఆయన్ని సెయింట్‌గా ప్రకటించారు. ఆయన పెట్టిన ఆసుపత్రి ఎవరి కోసమంటే, జబ్బు తగ్గిందని బయటికి పంపేశాక కూడా ఇంకా కోలుకోని పేదవాళ్ళ కోసం. నా వృత్తి సరిగ్గా అదే. ఆపరేషన్ చేసిన డాక్టరు పని అయిపోయిందన్నాక మొదలయ్యే పని మాది. మూడు వందల యాభై ఏళ్ళ కిందటే ఆ అవసరం ఒకడు కనిపెట్టాడంటే నాకు ఒళ్ళు పులకరించింది. నయమైనవాళ్ళు వదిలి వెళ్ళిన చేతికర్రలు, చంకకర్రలు అక్కడి మ్యూజియంలో వరసగా పెట్టి ఉంటాయి. ఒక చంకకర్ర పైభాగానికి పాత బట్ట చుట్టి దారంతో కుట్టారు, చంకలో ఒరుసుకోకుండా. ఆ బట్ట ఒక వైపే బాగా అరిగిపోయింది. వాడిన మనిషి ఎడమకి వాలి నడిచేవాడని దాన్ని చూస్తే తెలిసిపోతుంది. దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను.

శని, ఆదివారాలు ఊరు దాటేదాన్ని. దగ్గరి ఊళ్ళకి కామియోనేతా ఎక్కితే చాలు. అమెరికాలో పిల్లల్ని దింపి దింపి అలిసిపోయిన పసుపు స్కూలు బస్సులు అక్కడికొచ్చి ఎరుపు, నీలం, వెండి రంగులు పూసుకుని రెండో జీవితం మొదలుపెడతాయి. పిల్లల కోసం చేసిన సీట్లలో ముగ్గురేసి పెద్దవాళ్ళు కూర్చుంటారు. బస్సు నడుస్తుండగానే క్లీనరు కుర్రాడు వెనక నిచ్చెన ఎక్కి టాపు మీద మూటలు సర్దుతాడు. అలా వెళ్ళిన మొదటి ఊరు సాన్ అంతోన్యో ఆగ్వాస్ కలియెంతెస్. అక్కడ ఆడవాళ్ళు మగ్గానికి ఒక కొస స్తంభానికి కట్టి, రెండో కొస పట్టీతో తమ నడుముకి బిగించుకుని, మోకాళ్ళ మీద కూర్చుని నేస్తారు. నడుం వెనక్కి వాల్చితే పడుగు బిగుస్తుంది, ముందుకి వంగితే వదులవుతుంది. విపీల్ అనే రవికె గుడ్డ ఒక్కటి పూర్తవడానికి నెలలు పడుతుంది. ఆ ఊరి నేతకి ప్రత్యేకత ఏమిటంటే పువ్వు రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. నేను వేసుకున్న పోచంపల్లి చున్నీని అక్కడొక నేతగత్తె పట్టుకుని, తిప్పి చూసి, అంచు దగ్గర ఒక పోగు గోటితో జరిపి, "ఇది హాస్పే కదా" అంది. నూలుకి ముందే ముడులు వేసి రంగులద్ది తర్వాత నేసే పద్ధతి వాళ్ళ లంగాల గుడ్డలోనూ ఉంది. చాలాసేపు మాట్లాడుకున్నాం. నా వచ్చీరాని స్పానిష్ ఆ రోజు ఎక్కడా ఆగలేదు.

పకాయా అనే అగ్నిపర్వతం మీద వేడి రాతి పగుళ్ళలో మార్ష్‌మెలో కాల్చుకు తినడం అందరూ చేసేదే, నేనూ చేశాను. చిచికాస్తెనాంగో సంత గురువారం, ఆదివారం మాత్రమే. సరుకు కన్నా నాకు సాంతో తోమాస్ చర్చి మెట్ల మీద సాంబ్రాణిలాంటి కొపాల్ ధూపం వేసి మాయా భాషలో మొక్కుకునేవాళ్ళే గుర్తున్నారు.

అకతెనాంగో సంగతి వేరు. దాదాపు 4,000 మీటర్ల కొండ. పొద్దున మొదలుపెట్టి మొక్కజొన్న చేలు, మబ్బులు పట్టిన అడవి, పైన దేవదారు చెట్లు దాటి సాయంత్రానికి గుడారాలు చేరాం. దోన్యా తన కొడుకు ఉన్ని కోటు ఇచ్చి పంపింది, అది లేకపోతే ఆ చలి నేను తట్టుకోలేకపోయేదాన్ని. ఎదురుగా ఫ్వేగో. చీకటి పడ్డాక కొండ కొసన ఎర్రటి వెలుగు చిమ్మింది. నిప్పు ముక్కలు పైకి లేచి, మెల్లగా వంగి, వాలు మీద దొర్లుతూ కిందికి జారాయి. చప్పుడు లేదు. ఊపిరి బిగపట్టి చూస్తుంటే కొన్ని క్షణాల తర్వాత ఆ గర్జన మా దాకా వచ్చి, కాళ్ళ కింద నేల అదిరింది. రాత్రంతా అలా వస్తూనే ఉంది. ఎవరికీ పడుకోబుద్ధి కాలేదు.

ఈస్టర్‌కి ముందు వచ్చే పవిత్ర వారానికి మా ఆయన హ్యూస్టన్ నుంచి వచ్చాడు. ఆ వారం ఊళ్ళో గది దొరకడం గగనం, నెలల ముందే అన్నీ నిండిపోతాయి, రేట్లు మండిపోతాయి. దోన్యా నా గదిలోనే ఇంకో మంచం వేయించి, అల్లుణ్ణి చూసినట్టు చూసింది. ఇద్దరం ముందు అతిత్లాన్ సరస్సుకి వెళ్ళొచ్చాం. వ్యానులో రెండున్నర, మూడు గంటలు. పనహచెల్లో దిగి లాంచీ ఎక్కాలి. మధ్యాహ్నం దాటితే షోకోమిల్ అనే గాలి లేచి సరస్సు అల్లకల్లోలమవుతుంది, అందుకని పడవ ప్రయాణం పొద్దున్నే పెట్టుకోవాలి. సాన్ హువాన్ లా లగూనాలో ఆకులు, బెరళ్ళు ఉడకబెట్టి నూలుకి రంగులెక్కించడం మా ఆయన కదలకుండా నిలబడి చూశాడు.

ఆంటిగ్వాకి తిరిగొచ్చాక ఇక ఊరేగింపులే. మొయ్యడానికి ఒకేసారి ఎనభై, వంద మంది కావాల్సిన చెక్క పల్లకీ మీద సిలువ మోస్తున్న యేసు. మోసేవాళ్ళంతా ఊదా రంగు అంగీల్లో. శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటాక అందరూ నల్లబట్టల్లోకి మారిపోతారు. మరియమ్మ పల్లకీ మోసేది ఆడవాళ్ళు. వెనక బ్యాండు మేళం, శోకంగా, చాలా నెమ్మదిగా. ఆ పల్లకీలు నడవడానికి వీధుల్లో ఇంటి ముందు ఇల్లుగా అల్ఫోంబ్రాలు పరుస్తారు, రంగులద్దిన రంపపు పొట్టుతో తివాచీలన్నమాట. గురువారం రాత్రి మా వీధివాళ్ళంతా కలిశారు. ముందు ఇసక పోసి రాళ్ళ సందులు పూడ్చి చదును చేశారు. ఇటుకల మీద పలకలు వేసి, వాటి మీద బోర్లా పడుకుని పనిచేస్తే కింద వేసింది చెరగదు. అట్టలో కత్తిరించిన డిజైను పరిచి, టీ వడపోసే జల్లెడలో పొట్టు వేసి చేత్తో తడుతూ చల్లాలి. గాలికి లేవకుండా మధ్య మధ్య నీళ్ళు చిలకరించాలి. నాకు ఒక అంచు ఇచ్చారు, ఆకుపచ్చ తీగ, మధ్యలో పసుపు పువ్వులు. మా ఆయనకి నీళ్ళ పని. తెల్లవారుజామున పనయింది. కాసేపటికి లా మెర్సెద్ నుంచి బయల్దేరిన పల్లకీ దాని మీదుగా వెళ్ళింది. వెనకాలే మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి అంతా ఎత్తి లారీలో పోశారు. అంత కష్టపడింది పోయిందే అన్న బాధ ఒక్కరి మొహంలో లేదు. అప్పుడే పొయ్యి మీద కాఫీ పెట్టారు.

మరుసటి ఏడాది, 2018 జూన్ 3న, ఫ్వేగో భయంకరంగా పేలింది. ఆ రాత్రి మేం చూసి మురిసిన కొండే. వేడి బూడిద, రాళ్ళు లోయల వెంట దూసుకొచ్చి సాన్ మిగెల్ లోస్ లోతెస్ అనే ఊరిని పూర్తిగా పూడ్చేశాయి. వందల మంది పోయారు, ఎందరో ఆచూకీ లేకుండా పోయారు. వార్త చూడగానే దోన్యాకి ఫోన్ చేస్తే కలవలేదు. రాత్రికి వాట్సాప్‌లో ఆవిడ గొంతు వచ్చింది. పెంకుల మీద బూడిద ఊడ్చామని, ఇంట్లో అందరూ క్షేమమని, వీధివాళ్ళంతా కలిసి కాందిశీకుల కోసం చిక్కుడు గింజలు వండి పంపుతున్నారని. వాళ్ళు ఆ వారమంతా వండుతూనే ఉన్నారు. ఇప్పటికీ నిప్పులు చిమ్మే ఫ్వేగో వీడియో ఎవరైనా పంపితే నాకు ఆ పూడిపోయిన ఊరే ముందు తలపుకొస్తుంది.

తర్వాత కరోనా వచ్చి బడులు మూతబడ్డాయి. దోన్యా మోకాళ్ళు కూడా సహకరించడం లేదు. గదులివ్వడం మానేసింది. వీడియో కాల్‌లో నేను వ్యాయామాలు చూపిస్తే రెండు రోజులు చేసి మానేస్తుంది, మళ్ళీ అడిగితే చేస్తున్నానంటుంది. ఇప్పుడు వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది, హోటల్ తీసుకుంటే తీసుకోండి, పాత మఠం శిథిలాల్లో కట్టిన కాసా సాంతో దొమింగో లాంటివి చూడ్డానికైనా వెళ్ళాల్సినవే. కానీ కనీసం ఒక వారమైనా ఎవరింట్లోనైనా ఉండండి. వాళ్ళ పీలా దగ్గర గిన్నెలు తోమండి.

నాకింకా చూడాల్సింది మిగిలే ఉంది. నవంబర్ 1న, పోయినవాళ్ళని తలుచుకునే పండగకి, దగ్గర్లోని సుంపాంగోలో ఇంటి ఎత్తున్న గాలిపటాలు నిలబెడతారు. ఆ రోజు ఫియాంబ్రే అని బోలెడు కూరలు, మాంసాలు కలిపి ఊరబెట్టిన వంటకం చాలా ఇళ్ళలో చేస్తారు. నాకోసం మాంసం లేకుండా ఒక గిన్నె వేరే కలుపుతానని దోన్యా ఎప్పటినుంచో అంటోంది. ఈసారి సెలవు పెట్టేశాను. మోకాలి పట్టీలు రెండు కొని ఉంచాను, పక్కన కూర్చుని ఆవిడ చేత వ్యాయామాలు చేయిస్తాను.